హోటల్ పన్నూ, భాయ్‌కి నేర్పిన పట్టూ

తుపాకీ పట్టుకుని వచ్చినవాడి మణికట్టు మెలిపెట్టి, ఆ తుపాకీ లాక్కుని, దాంతోనే వాడి పళ్ళు రాలగొట్టిన తెలుగువాడు కాలిఫోర్నియా మొత్తం గాలించినా ఇంకొకడు దొరకడు. ఆ మొనగాణ్ణి నేనే. అప్పటికే అరవై దాటినవాణ్ణి. మోకాళ్ళు అరిగినవాణ్ణి. కళ్ళజోడు లేనిదే గడియారంలో ముల్లు కనపడనివాణ్ణి. అయినా వాడు కౌంటరు మీదికి వంగి గొట్టం నా గుండెకి ఆనించగానే, ఎడమచేత్తో దాన్ని పక్కకి తోసి, కుడిచేత్తో మణికట్టు కింద పట్టి ఒక్క తిప్పు తిప్పాను. ఎముక కటుక్కుమన్న చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

ఈ కథని ఎన్ని గృహప్రవేశాల్లో, తలా ఒక వంటకం తెచ్చుకునే ఎన్ని ఉగాది పొట్లక్‌లలో చెప్పానో లెక్కలేదు. మొదట్లో వాడి పెదవి చిట్లింది. కొన్నాళ్ళకి పళ్ళు రాలాయి. ఆ తర్వాత వాడు ఆరడుగుల పైచిలుకు పెరిగాడు. ఒకచోట పులిహోర రెండోసారి వడ్డిస్తుండగా వాడికొక తోడుదొంగ కూడా పుట్టుకొచ్చాడు. వినేవాళ్ళు నోళ్ళు తెరుచుకుని వింటుంటే చెప్పేవాడి నోరు మూతపడదు. వాడొచ్చిన మాట నిజం. మా ఆఫీసు గదిలో రక్తం కారిన మాట నిజం. ఎవరి రక్తం, అప్పుడు నేనేం చేస్తున్నాను అన్నది కాస్త ఆగి చెబుతాను.

తెనాలిలో ట్యుటోరియల్ కాలేజీలో లెక్కలు చెప్పుకునేవాణ్ణి. బావమరిది స్పాన్సర్ చేస్తే అమెరికా వచ్చి, కొన్నేళ్ళు గ్యాస్ స్టేషన్‌లో నిలబడి, చివరికి తొంభై తొమ్మిదో హైవే పక్కన, బాదం తోటల మధ్య ఉన్న ఒక చిన్న ఊళ్ళో మోటెల్ కొన్నాను. రెండంతస్తుల బిల్డింగు, ముందు పార్కింగు, ఆఫీసు వెనకే మా కాపురం. ఆఫీసుకీ మా వంటగదికీ మధ్య ఒక్క తలుపు. తలుపుకి అటు గెస్టులు, ఇటు మా అన్నం గిన్నెలు.

మోటెల్ అంటే సెలవులకి వచ్చినవాళ్ళు సరదాగా దిగే చోటు అనుకుంటారు చాలామంది. మా దగ్గర దిగేవాళ్ళలో ఇల్లు పోయినవాళ్ళు, ఇంట్లోంచి గెంటించుకున్నవాళ్ళు, ఎవరి నుంచో దాక్కుంటున్నవాళ్ళు ఎక్కువ. ఒక ఆదివారం పొద్దున, అందరూ గదులు ఖాళీ చేసే వేళ, పై అంతస్తులో ఒకడు తనతో వచ్చిన ఆడమనిషిని జుట్టు పట్టి వరండాలోకి ఈడ్చుకొచ్చి రెయిలింగుకేసి మొహం మోదాడు. కింద పార్క్ చేసిన కార్ల అద్దాల మీద రక్తం చినుకుల్లా రాలింది. ఇంకోసారి ఐస్ మెషీన్ దగ్గర వంతు కోసం ఇద్దరు ట్రక్కు డ్రైవర్లు కలియబడ్డారు. విడదీసేసరికి ఒకడి చెవి తమ్మె రెండోవాడి నోట్లో ఉంది. రక్తపు మరకకి వేణ్ణీళ్ళు తగలనివ్వకూడదు, చన్నీళ్ళలో ఉప్పేసి నానబెట్టాలి. మా ఆవిడ ఈ దేశంలో నేర్చుకున్న మొదటి విద్య అదే.

ఇళ్ళ ధరలు కుప్పకూలిన రోజులవి. ఊరికి రాబడి పడిపోయింది. పోలీసుల్ని తగ్గించారు, రెండు ఫైర్ స్టేషన్లలో ఒకదానికి తాళం వేశారు. ఆపదకి పిలిచే నైన్ వన్ వన్‌కి ఫోన్ చేస్తే అవతల అమ్మాయి ఎంతో మర్యాదగా మాట్లాడేది. మాట్లాడుతూనే ఉండేది. కారు మాత్రం వచ్చేది కాదు. మా ఆఫీసులో దొంగ పడ్డ రోజు కూడా అంతే. పొగమంచు పట్టిన మధ్యాహ్నం. మా ఆవిడ నుదురు చీలిపోయి, రక్తం కనుబొమ మీదుగా జారి నోట్లోకి పోతుంటే, నేను ఫోన్ చెవికి ఆనించుకుని ‘ప్లీజ్ హోల్డ్’ వింటూ నిలబడ్డాను. కుట్లు వేసి పంపించారు. ఆ తర్వాత ఆఫీసు తలుపు గంట మోగినప్పుడల్లా ఆవిడ రెండు చేతులూ తలమీదికి పోయేవి, తనకి తెలియకుండానే.

అలాంటి సమయంలో ఊరివాళ్ళు ఒక ప్రతిపాదన ఓటుకి పెట్టారు. హోటల్ గదుల మీద పన్ను పెంచుతారట, ఆ డబ్బుతో పోలీసుల్ని, అంబులెన్సుని పెంచుతారట. ఇళ్ళ ముందు గడ్డిలో ‘యెస్’ బోర్డులు మొలిచాయి. మా మోటెళ్ళ ముందు ‘నో’ బోర్డులు మొలిచాయి.

ఒక పూట చిక్కుడుకాయలు ఒలుస్తూ మా ఆవిడ అడిగింది.

“ఏమండీ, ఆ పన్ను కట్టేది మనమా, గదికొచ్చినవాడా?”

“వాడే. మనం వసూలు చేసి సిటీకి కడతాం. కానీ రేటు పెరిగితే వాడు మన దగ్గర ఆగడే, పక్కూరికి పోతాడు.”

“పోనివ్వండి. తల పగలగొట్టేవాడు కూడా అటే పోతాడేమో.”

“నీకు బిజినెస్ తెలీదు.”

“నాకు తల తెలుసు. చూడండి, పోలీసుల్ని పెట్టిస్తే ఆ కుర్చీలో కూర్చుంటాను. లేకపోతే ఇక నా వల్ల కాదు, మోటెల్ అమ్మేయండి. ఇంకోసారి వాడొస్తే నేను మిగలను.”

ఓట్లప్పుడల్లా ఎవరికి గీయాలో ఆవిడ నన్నడిగేది, నేను చెప్పేవాణ్ణి. ఆ ఏడు అడగలేదు. అప్పుడే నాకు తెలిసి ఉండాల్సింది.

మా పక్క మోటెల్ ఆయన గుజరాతీ, నాకంటే పెద్దవాడు. అందరికీ భాయ్. ఊరి మోటెల్ ఓనర్లందరం ఆయన ఆఫీసులో చేరి, అల్లం దంచి వేసిన టీ తాగుతూ, పన్నుకి వ్యతిరేకంగా ఏం చెయ్యాలో ఆలోచించాం. లైబ్రరీ హాల్లో ఓటర్ల మీటింగు ఉంది. మా తరఫున ఎవరు మాట్లాడాలి?

“మాస్టర్ ఉండగా ఇంకొకరెందుకు?” అన్నాడు భాయ్ హిందీలో. “క్లాసు చెప్పి బతికినవాడు. పైగా దొంగని కొట్టినవాడు!”

అప్పటికి నా కథ భాయ్‌కి కంఠోపాఠం. నాకంటే బాగా చెప్పేవాడు.

లైబ్రరీ హాలు నిండింది. ఫైర్ స్టేషన్ పెద్దాయన గోడమీద మ్యాప్ పెట్టి, ఎక్కడినుంచి ఎక్కడికి బండి రావాలో చూపించి కూర్చున్నాడు. నా వంతు వచ్చింది. నేను మ్యాపులూ గీపులూ చూపించలేదు. మైకు ముందు నిలబడి ఎడమచేత్తో గొట్టం పక్కకి తోశాను, కుడిచేత్తో మణికట్టు తిప్పాను. “ఈ ఊరి మోటెల్ ఓనర్లు పోలీసుల కోసం ఏడుస్తూ కూర్చునేవాళ్ళు కారు. మా ఇల్లు మేమే కాచుకుంటాం. మా మీద పన్నులు వెయ్యకండి చాలు!” అన్నాను. చప్పట్లు మోగాయి. టోపీ పెట్టుకున్న తెల్లాయన ఒకడు లేచి ఈల వేశాడు. మా ఆవిడ ఆఖరి వరసలో, తలచుట్టూ స్కార్ఫ్ కట్టుకుని కూర్చుంది.

తిరిగొచ్చేటప్పుడు కారెక్కాక అంది: “చాలా బాగా చెప్పారు. వాడు గనక వినుంటే భయపడి ఊరొదిలి పోయేవాడు.”

“వెటకారమా?”

“నాకెందుకండీ వెటకారం. కుట్లు పడ్డచోట లాగుతోంది, మెల్లగా పోనివ్వండి.”

నలుగురిలో మొగుడి మాట కొట్టెయ్యకూడదన్నది ఆవిడ పట్టుకున్న పద్ధతి. దాని చాటునే నా కథ అంత ఎదిగింది.

వారం తిరక్కుండానే నా ఫొటోతో కరపత్రం వచ్చింది. ‘మా ఇల్లు మేమే కాచుకుంటాం’ అని పెద్ద అక్షరాలు. భాయ్ దాన్ని తన తాళాల బోర్డు పక్కన, లక్ష్మీదేవి పటం కింద అంటించుకున్నాడు. నేను వెళ్ళినప్పుడు పెట్టెలకి టేపు వేసే మెషీను తీసి తుపాకీలా నా మీదికి గురిపెట్టాడు.

“ఏదీ, సరిగ్గా చూపించు మాస్టర్. బొటనవేలు పైనా, కిందా?”

“కింద. గొట్టాన్ని నీ ఒంటి పక్కకి కాదు, బయటికి తొయ్యాలి. తోసిన వెంటనే తిప్పాలి. వాడికి ఆలోచించే టైమ్ ఇవ్వకూడదు.”

“ఇలాగా?”

“ఇంకా గట్టిగా.”

“ఇలాగా?”

“అద్దిరింది భాయ్!”

ఇద్దరు ముసలాళ్ళం కౌంటరుకి అటూ ఇటూ నిలబడి కుర్రాళ్ళలా నవ్వుకున్నాం. టేపు మెషీను నా వేలు గీరింది. భాయ్ దానిమీద పసుపద్దాడు. అమెరికాలో తుపాకీ ఎలా లాక్కోవాలో నేను ఒకడికి పాఠం చెప్పాను. లెక్కల పాఠం కూడా అంత నమ్మకంగా ఎప్పుడూ చెప్పలేదు.

ఓటింగు దగ్గరపడింది. అదీ పొగమంచు మధ్యాహ్నమే. మా ఆవిడ ఉతికిన టవల్స్ మడతపెడుతోంది. పక్కనుంచి దబ్బుమని చప్పుడు, వెంటనే ఇంకొకటి. ట్రక్కు టైరు పేలిందేమో అన్నాను. ఆవిడ చేతికందిన టవల్స్ తీసుకుని చెప్పులు కూడా లేకుండా పరిగెత్తింది. నేను వెనకాల వెళ్ళాను.

భాయ్ తాళాల బోర్డు కింద కూలబడి ఉన్నాడు. కుడి అరచెయ్యి ఉండాల్సిన చోట చిరిగిన మాంసం, తెల్లటి ఎముక. బుల్లెట్ అరచేతిలోంచి దూసుకుపోయి భుజంలో దిగింది. రెండోది గోడకి తగిలింది. తాళాలన్నీ నేలమీద రాలి రక్తంలో తేలుతున్నాయి. ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి. మా ఆవిడ మోకాళ్ళమీద కూర్చుని ఒక టవల్ భుజానికి అదిమింది, ఇంకొకటి చేతికి చుట్టి బిగించింది. అది తడిసిపోతే ఇంకొకటి. “ఫోన్ చెయ్యండి! అలా నిలబడతారేంటండీ!” అని అరిచింది. చేశాను. ఉన్న ఒక్క అంబులెన్సు హైవే మీద యాక్సిడెంటుకి వెళ్ళిందట, పక్క ఊరినుంచి ఇంకోటి వస్తుందట. అవతల అమ్మాయి అదే మర్యాదతో మాట్లాడుతూ ఉంది. భాయ్ పళ్ళు కటకటలాడుతున్నాయి. మా ఆవిడ ఆయన బుగ్గమీద కొడుతూ, నిద్రపోవద్దు, నిద్రపోవద్దు అని తెలుగులో తిట్టింది. ఆయనకి తెలుగు రాదు. అయినా కళ్ళు మూయలేదు.

బతికాడు. చెయ్యి మాత్రం చెయ్యిగా మిగల్లేదు. బొటనవేలు, పక్క వేలు తీసేశారు. హాస్పిటల్‌లో మంచం పక్కన నేను, మా ఆవిడ. ఆయన మత్తులోంచి తేలి నన్ను గుర్తుపట్టాడు. కట్టు కట్టిన చేతిని కొంచెం ఎత్తాడు.

“మాస్టర్, నువ్వు చెప్పినట్టే తోశాను. బొటనవేలు కిందే పెట్టాను. తిప్పేలోపు వాడు కాల్చేశాడు. నేనెక్కడ తప్పు చేశాను?”

అప్పుడు నేనేమన్నానో రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా రాస్తాను.

“కొంచెం ఆలస్యంగా తిప్పి ఉంటావు భాయ్.”

మా ఆవిడ నావైపు చూసింది. లేచి బయటికి వెళ్ళిపోయింది.

అసలు జరిగింది ఇది. మా ఆఫీసులో దొంగ పడ్డ ఆ రోజు నేను వంటగదిలో పెరుగన్నం తింటున్నాను, మాగాయ నంజుకుంటూ. ఆవిడ ముందు ఆఫీసు గదిలో ఉంది. “ఏమండీ, ఒకసారిటు రండి” అంది. వస్తున్నా అన్నాను. ఆవిడ రోజుకి వందసార్లు ఏమండీ అంటుంది, నేను వందసార్లు వస్తున్నా అంటాను. మాకది పిలుపూ కాదు, జవాబూ కాదు, ఊపిరి లాంటిది. ఇంకో ముద్ద కలిపాను. అవతల ఏదో మోదినట్టు చప్పుడైంది. మళ్ళీ “ఏమండీ!” అంది. ఈసారి గొంతు చీలింది. లేచాను. తలుపు నాలుగడుగుల దూరం. నేను తలుపు దగ్గరికి పోలేదు. సింకు దగ్గరికి పోయాను. ఎంగిలి చేత్తో పరాయివాళ్ళ ముందుకి పోకూడదని చిన్నప్పుడు వీపు మీద పడ్డ దెబ్బలతో నేర్చిన మర్యాద అది. చెయ్యి కడిగాను. మాగాయ నూనె పోలేదని సబ్బు రాశాను. మర్యాద అన్నానే, అదీ పూర్తి నిజం కాదు. ఆ నురగ కడుక్కుంటున్నంతసేపూ అవతల ఏం జరుగుతోందో నాకు తెలుసు. నీళ్ళ చప్పుడు ఉన్నంతవరకు వినపడకుండా ఉంటుందని ఇంకాసేపు కడిగాను.

తలుపు తీసేసరికి ఆవిడ జుట్టు వాడి పిడికిట్లో ఉంది. వాడు ఆవిడ నుదుటిని కౌంటరు అంచుకేసి కొడుతున్నాడు, కొబ్బరికాయ కొట్టినట్టు. నన్ను చూశాడు. నేను రెండు చేతులూ పైకెత్తాను. తడి చేతులు, నీళ్ళు మోచేతుల దాకా కారుతున్నాయి. వాడు పొట్టివాడు, నా భుజం దాకా వస్తాడేమో. తుపాకీ మడమతో ఆవిణ్ణి ఇంకొక్కటి కొట్టి, డబ్బు సొరుగు లాక్కుని వెళ్ళిపోయాడు. పోతూ నవ్వాడు. వాడి పళ్ళన్నీ ఉన్నాయి.

హాస్పిటల్ తర్వాత లైబ్రరీ హాల్లో రెండో మీటింగు పెట్టారు. ఈసారి నేలమీద కూడా కూర్చున్నారు జనం. ‘నో’ తరఫున నా పేరే పిలిచారు. నేను మైకు దగ్గరికి నడిచాను. కాళ్ళు వణకలేదు. “కిందటిసారి ఇక్కడ నేను చెప్పింది అబద్ధం” అన్నాను. “నేను తుపాకీ లాక్కోలేదు. నా అబద్ధం నమ్మి నా స్నేహితుడు చెయ్యి పోగొట్టుకున్నాడు. మా ఇల్లు మేము కాచుకోలేం. మాకు పోలీసులు కావాలి, అంబులెన్సు కావాలి. నేను యెస్ వేస్తున్నాను” అన్నాను. మా ఆవిణ్ణి దగ్గరికి పిలిచాను. స్కార్ఫ్ తీసి, నుదుటి మీది జుట్టు పక్కకి తోసి, ఆ మచ్చ అందరికీ చూపించాను. ముందు వరసలో ఒక ముసలామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఓనర్లలో ఇద్దరు లేచి బయటికి పోయారు. మిగతావాళ్ళు తలొంచుకున్నారు. ఆ మర్నాటినుంచి ఊళ్ళో గాలి తిరిగింది.

పన్ను గట్టెక్కింది, బొటాబొటీగా. కొన్ని నెలలకి హైవే రోడ్డు మీద పోలీసు కార్లు తిరగడం మొదలైంది, తాళం వేసిన ఫైర్ స్టేషన్ తెరిచారు. గెస్టులెవరూ పక్కూరికి పారిపోలేదు. మా ఆవిడ మళ్ళీ ఆ కుర్చీలో కూర్చుంది. గంట మోగితే చేతులు తలమీదికి పోవడం మాత్రం మోటెల్ అమ్మేదాకా ఆగలేదు. భాయ్ ఎడమచేత్తో టీ పొయ్యడం నేర్చుకున్నాడు. నాకు పోసేటప్పుడు మాత్రం మాట్లాడేవాడు కాదు.

ఇంతవరకూ రాసి, పొరపాట్లేమైనా ఉంటే చెప్పమని మా ఆవిడకిచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివింది. పెరుగన్నం దగ్గర ఒక్క క్షణం ఆగింది, మళ్ళీ చదివింది. చివరికొచ్చాక కాగితాలు నా ఒళ్ళో పెట్టింది.

“సింకు సంగతి రాశారు. సంతోషం. ఇన్నేళ్ళకి.”

“మరి?”

“ఆ రెండో మీటింగు ఎవరిదండీ?”

“మనదే.”

“మనది కాదు. నాది. మిమ్మల్ని పిలిచారు, మీరు లేరు. నేనే లేచి వెళ్ళాను. నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో, మా ఆయన చెప్పింది అబద్ధం, భాయ్ నమ్మాడు అన్నాను. మీరు రాసినంత పొడుగ్గా ఏం చెప్పలేదు. మచ్చ కూడా నేనే చూపించుకున్నాను. మీరు బయట పార్కింగ్‌లో, ఇంజన్ ఆపకుండా కార్లో కూర్చున్నారు.”